ఫోన్ రివ్యూలో ప్లస్ పాయింట్, గ్రీన్ స్క్రీన్ ముందు మైనస్: కంపోజిటింగ్ నేర్చుకుంటుంటే కెమెరా గురించి తెలిసిన సంగతులు

ఫోన్ కెమెరా రివ్యూ అనగానే మనం చూసే లిస్టు దాదాపు ఒకటే. స్టెబిలైజేషన్ ఎలా ఉంది, హెచ్‌డీఆర్ ఎలా పనిచేస్తోంది, నైట్ మోడ్‌లో వెలుతురు ఎంత లాగుతోంది, ఫొటో ఎంత షార్ప్‌గా వస్తోంది. ఇవన్నీ బాగుంటే కెమెరా అదుర్స్ అని మార్కులు వేసేస్తాం. గత ఎనిమిది నెలలుగా నేను శని, ఆదివారాలు సికింద్రాబాద్‌లో విజువల్ ఎఫెక్ట్స్ క్లాసులకు వెళ్తున్నాను. అక్కడ ఇదే లిస్టును తలకిందులుగా చదవాల్సి వస్తోంది. రివ్యూలో మార్కులు తెచ్చిపెట్టిన ఫీచర్లలో సగం, ఆ వీడియోను తీసుకెళ్లి కంపోజిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేయగానే అడ్డం తిరుగుతాయి.

వారమంతా నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బీటెక్ కంప్యూటర్ సైన్స్, ప్రస్తుతం బ్యాకెండ్ సర్వర్ల పని. 2012లో ‘ఈగ’ వచ్చినప్పుడు స్కూల్లో ఉన్నాను. ఆ ఈగను చేసింది మన హైదరాబాద్‌లోని మకుట అనే స్టూడియో అనీ, దానికి స్పెషల్ ఎఫెక్ట్స్‌లో జాతీయ అవార్డు కూడా వచ్చిందనీ తర్వాతెప్పుడో తెలిసింది. అప్పటి నుంచి ఉన్న కుతూహలం ఇది. ఉద్యోగం మానేసి సినిమాల్లోకి వెళ్లే ప్లాన్ అయితే లేదు. అందుకే ఇక్కడ చెప్పేదాంట్లో సినిమా గ్లామర్ తక్కువ, పిక్సెళ్ల గోల ఎక్కువ. ఫోన్ కొనాలా, ల్యాప్‌టాప్ కొనాలా, కోర్సు ఫీజు కట్టాలా అని ఆలోచిస్తున్నవాళ్లకు మాత్రం పనికొస్తుంది.

అసలు కంపోజిటింగ్ అంటే ఏంటి?

సింపుల్‌గా చెప్పాలంటే, వేర్వేరు చోట్ల తీసిన లేదా కంప్యూటర్‌లో తయారుచేసిన బొమ్మలను ఒకే కెమెరాతో, ఒకే క్షణంలో తీసినట్టు కనిపించేలా కలపడం. ‘బాహుబలి’ జలపాతం తీసుకోండి. ఎక్కే మనిషి ఒకచోట షూట్ అయ్యాడు, నీళ్లు కొన్ని నిజమైనవి, కొన్ని కంప్యూటర్‌లో పుట్టినవి, వెనక కొండలు మరోచోటివి. త్రీడీ మోడల్ చేసేవాళ్లు వేరు, యానిమేషన్ చేసేవాళ్లు వేరు. చివర్లో ఇవన్నీ ఒక ఫ్రేమ్‌లో కూర్చి, పొగమంచు వేసి, రంగులు కలిపి, అతుకు కనపడకుండా చేసేవాడు కంపోజిటర్. పని బాగా కుదిరితే అసలు పని జరిగినట్టే ఎవరికీ తెలియదు.

ఇదేమీ కంప్యూటర్లతో మొదలవలేదు. 1957 నాటి ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరి వెళ్తుంటే మన తాతలు నోరెళ్లబెట్టి చూశారు. దర్శకుడు కె.వి. రెడ్డి, కెమెరా మార్కస్ బార్ట్లే. ఆ కాలపు ట్రిక్ ఫొటోగ్రఫీలో ఒక ముఖ్యమైన పద్ధతి ఏంటంటే, లెన్స్ ముందు సగం భాగాన్ని నల్లటి అట్టతో మూసి మిగతా సగం మీదే షూట్ చేస్తారు. తర్వాత ఫిల్మ్‌ను వెనక్కి చుట్టి, ఈసారి రెండో సగం మూసి మళ్లీ షూట్ చేస్తారు. ఒకే ఫిల్మ్ మీద రెండు దృశ్యాలు అతుక్కుంటాయి. తప్పు జరిగితే రోల్ మొత్తం పోయినట్టే, అన్‌డూ బటన్ లేదు మరి.

ఆ నల్ల అట్ట చేసిన పనినే ఇవాళ ఆల్ఫా ఛానల్ చేస్తోంది. 1970ల చివర్లో ఎడ్ క్యాట్మల్, ఆల్వీ రే స్మిత్ కలిసి ఈ ఐడియా తెచ్చారు. ఈ క్యాట్మల్ తర్వాత పిక్సార్ పెట్టినవాళ్లలో ఒకరు. 1984లో లూకస్‌ఫిల్మ్‌లో పనిచేస్తున్న థామస్ పోర్టర్, టామ్ డఫ్ అనే ఇద్దరు ఇంజినీర్లు బొమ్మల్ని బొమ్మల మీద పెట్టే లెక్కలన్నిటినీ ఒక పేపర్‌లో రాసేశారు. నలభై ఏళ్లు దాటినా ఆ లెక్కలే నడుస్తున్నాయి. మీ ఫోన్‌లో నోటిఫికేషన్ షేడ్ కిందికి లాగినప్పుడు వెనక యాప్ మసగ్గా కనిపిస్తుందే, అక్కడా ఇదే సూత్రం.

ప్రతి పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు నంబర్లు ఉంటాయని మనకు తెలుసు. ఆల్ఫా నాలుగో నంబరు. ఈ పిక్సెల్ ఎంతవరకు ముందున్న బొమ్మది అన్నది చెబుతుంది. 1 అంటే పూర్తిగా మనిషి, 0 అంటే అక్కడ మనిషే లేడు. మధ్యలో ఉన్నదే కథంతా. ఒక వెంట్రుక మందం పిక్సెల్ కన్నా తక్కువ ఉంటుంది, అంటే ఆ పిక్సెల్‌లో 30 శాతం వెంట్రుక, 70 శాతం వెనకున్న గోడ. ఆల్ఫా 0.3. కొత్త బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టేటప్పుడు ముందు బొమ్మ రంగును 0.3తోనూ, వెనక బొమ్మ రంగును 0.7తోనూ గుణించి కలుపుతాం. అంతే, ఫార్ములా అయిపోయింది.

ఫోన్‌లో పోర్ట్రెయిట్ మోడ్ ఫొటో ఒకటి తీసి జూమ్ చేయండి. చెవి దగ్గర, రింగుల జుట్టు దగ్గర, కళ్లద్దాల ఫ్రేమ్ దగ్గర బ్లర్ తేడా కొట్టేస్తుంది కదా. ఫోన్ ఊహించిన ఆల్ఫా అక్కడ కరెక్ట్‌గా లేదు. ఎన్ని కోట్ల పారామీటర్ల మోడల్ పెట్టినా, ఆ 0.3 అనే నంబరు 0.3గా రావడమే కష్టం.

సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇక్కడ ఒక మంచి బగ్ చెబుతాను. కొన్ని ఫైళ్లలో రంగును ముందే ఆల్ఫాతో గుణించి సేవ్ చేస్తారు, దీన్ని ప్రీమల్టిప్లై అంటారు. ఆ సంగతి చూసుకోకుండా సాఫ్ట్‌వేర్ ఇంకోసారి గుణిస్తే 0.3 కాస్తా 0.09 అవుతుంది. వెనక బొమ్మ మాత్రం 0.7 దగ్గరే ఉంటుంది. రెండూ కలిపితే 0.79, అంటే మిగతా 0.21 వెలుతురు గాలికి పోయింది. స్క్రీన్ మీద ఇది మనిషి చుట్టూ సన్నటి నల్ల గీతలా కనిపిస్తుంది. కొన్ని లో బడ్జెట్ సీరియళ్లలో దేవుడు ప్రత్యక్షమైనప్పుడు చుట్టూ పెన్సిల్‌తో గీసినట్టు అంచు కనిపిస్తుందే, దానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. కోడ్ రాసేవాళ్ల భాషలో చెప్పాలంటే ఒకే స్ట్రింగ్‌ను రెండుసార్లు ఎస్కేప్ చేసినట్టు.

గ్రీన్ స్క్రీన్ టెస్ట్: రెండు క్లిప్పులు, ఒకే మనిషి

మా ట్రైనర్‌ను బ్యాచ్ అంతా అన్నా అనే పిలుస్తాం. స్టూడియోల్లో చాలా ఏళ్లు పనిచేసి వచ్చిన మనిషి. స్లైడ్లు చూపించడం తక్కువ, చేసి చూపించడం ఎక్కువ. మూడో నెలలో అనుకుంటా, ఒకే అమ్మాయిని ఒకే గ్రీన్ స్క్రీన్ ముందు రెండు కెమెరాలతో తీసిన రెండు క్లిప్పులు ఇచ్చి, ఇద్దరిద్దరం కూర్చుని కీ తీయమన్నారు. కీ తీయడం అంటే ఆకుపచ్చ ఉన్నచోటల్లా ఆల్ఫాను 0 చేయడం. ఒక క్లిప్ సినిమా కెమెరాది, రెండోది ఫ్లాగ్‌షిప్ ఫోన్‌ది. ప్లే చేసి చూస్తే ఫోన్ క్లిప్పే బాగుంది, ఒట్టు. షార్ప్‌గా, కలర్‌ఫుల్‌గా ఉంది. సినిమా కెమెరాది పాలిపోయి, బూడిద రంగులో ఉంది.

కీ తీశాక సీన్ రివర్స్. పాలిపోయిన క్లిప్‌లో జుట్టు పోగులు పోగులుగా నిలబడింది. ఫోన్ క్లిప్‌లో జుట్టు అంచు మెట్లు మెట్లుగా తెగింది, భుజం చుట్టూ తెల్లటి గీత వచ్చింది. “ఎడ్జ్ సూడు తమ్మీ, ముఖం సంగతి తర్వాత” అన్నారు అన్న.

ఎందుకలా? మొదటి కారణం క్రోమా సబ్‌శాంప్లింగ్. మన కంటికి వెలుతురు తేడాలు బాగా తెలుస్తాయి, రంగు తేడాలు అంతగా తెలియవు. అందుకని ఫోన్లు మామూలుగా వీడియోను 4:2:0 పద్ధతిలో దాస్తాయి. 4కే వీడియో అంటే 3840×2160, అంటే దాదాపు 82.9 లక్షల పిక్సెళ్లు. వెలుతురు సమాచారం అన్నిటికీ ఉంటుంది. రంగు సమాచారం మాత్రం 1920×1080కే, అంటే 20.7 లక్షల పిక్సెళ్లకే. నాలుగు పిక్సెళ్లు కలిసి ఒకే రంగును పంచుకుంటాయన్నమాట. రీల్ చూసేటప్పుడు ఇది ఎవరికీ తెలియదు. గ్రీన్ స్క్రీన్‌లో మనం కత్తిరించేది రంగును బట్టే కాబట్టి కత్తెర మొద్దుబారిపోతుంది. ఆ మెట్లు అందుకే.

రెండోది షార్పెనింగ్. అంచులు కొట్టొచ్చినట్టు కనిపించాలని ఫోన్ ప్రతి అంచుకు ఒక వైపు కాస్త తెలుపు, మరో వైపు కాస్త నలుపు కలుపుతుంది. రివ్యూల్లో మనం “డీటెయిల్స్ బాగున్నాయి” అనేది చాలాసార్లు దీన్నే. కీ తీసినప్పుడు ఆ తెల్ల గీత మనిషితో పాటే వచ్చేస్తుంది.

మూడోది 8 బిట్. ఒక్కో రంగుకు 256 మెట్లు మాత్రమే. 10 బిట్ అయితే 1024. ఆకుపచ్చ తెర మీద లైటింగ్ కొంచెం హెచ్చుతగ్గులున్నా ఆ మెట్లు బయటపడతాయి.

ఇంతకీ ఆకుపచ్చే ఎందుకు అని చాలామంది అడుగుతారు. మనిషి చర్మంలో లేని రంగు అన్నది అందరూ చెప్పే జవాబు. రెండో జవాబు సెన్సర్‌లో ఉంది. బేయర్ సెన్సర్‌లో ప్రతి నాలుగు ఫొటోసైట్లలో రెండు ఆకుపచ్చవి, ఎరుపు ఒకటి, నీలం ఒకటి. అంటే మీ ఫోన్ 50 మెగాపిక్సెల్ అంటే 25 మెగాపిక్సెళ్లు ఆకుపచ్చనే చూస్తున్నాయి. ఆ ఛానల్‌లో నాయిస్ తక్కువ. కీ తీయడానికి అంతకంటే ఏం కావాలి. పట్టుచీర ఆకుపచ్చదైతే మాత్రం నీలం తెర కట్టాల్సిందే, మన సినిమాల్లో ఈ ఇబ్బంది కొంచెం ఎక్కువే.

ఇక్కడ ఉపయోగపడే ట్రిక్ ఒకటి. 4కే 4:2:0లో రంగు సమాచారం 1920×1080 ఉందన్నాం కదా. అదే క్లిప్‌ను ఫుల్ హెచ్‌డీకి తగ్గించి పనిచేస్తే వెలుతురు కూడా 1920×1080 అవుతుంది, అంటే ప్రతి పిక్సెల్‌కు దాని రంగు దానికి ఉన్నట్టే. కంప్రెషన్, 8 బిట్ సమస్యలు అలాగే ఉంటాయి, కానీ మెట్లు మాత్రం బాగా తగ్గుతాయి. మామూలు మిడ్‌రేంజ్ ఫోన్‌తో ప్రాక్టీస్ చేసేవాళ్లకు ఇది పైసా ఖర్చు లేని అప్‌గ్రేడ్. 4కేలో తీయండి, హెచ్‌డీలో పనిచేయండి.

డబ్బున్నవాళ్లకు దారి వేరు. ఐఫోన్ 13 ప్రో నుంచి ప్రోరెస్ రికార్డింగ్ ఉంది, అది 10 బిట్ 4:2:2. ఐఫోన్ 15 ప్రోతో లాగ్ కూడా వచ్చింది. లాగ్ అంటే ఇందాక చెప్పిన ఆ పాలిపోయిన బొమ్మే. వెలుగు నీడల మధ్య సమాచారాన్ని పిండేయకుండా దాచి, రంగులు ఎలా ఉండాలన్నది మనకు వదిలేస్తుంది. కాకపోతే 4కే ప్రోరెస్ నిమిషానికి దాదాపు 6 జీబీ. ఫోన్‌లో పాటలు, ఫొటోలు పోగా ఎంత సేపు తీస్తారో మీరే లెక్కేసుకోండి.

మెట్రో కిటికీలోంచి వంగిపోయే బిల్డింగులు

కెమెరా కదిలితే కథ ఇంకో మలుపు తిరుగుతుంది. కదిలే షాట్‌లో ఏదైనా కొత్త వస్తువు పెట్టాలంటే ముందు ట్రాకింగ్ చేయాలి. బొమ్మలో కొన్ని పాయింట్లు ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ ఎలా కదిలాయో చూసి, కెమెరా గదిలో ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లిందో సాఫ్ట్‌వేర్ లెక్కగడుతుంది. ఈ లెక్కకు ఒక షరతు ఉంది, లెన్స్ ఒకటే అయి ఉండాలి, మధ్యలో మారకూడదు.

ఎలక్ట్రానిక్ స్టెబిలైజేషన్ చేసేది సరిగ్గా ఆ షరతును చెరపడమే. ప్రతి ఫ్రేమ్‌ను కొంచెం కట్ చేసి, పక్కకు జరిపి, అవసరమైతే సాగదీసి, వణుకు లేనట్టు చూపిస్తుంది. చూడ్డానికి గింబల్ షాట్‌లా ఉంటుంది, కానీ ఫ్రేమ్ మధ్యభాగం లెన్స్ మధ్యభాగం కాకుండా పోతుంది. ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్‌కు ప్రతి ఫ్రేమ్ ఒక కొత్త కెమెరాలా కనిపిస్తుంది. అందుకే చేయి వణికినా పర్లేదు, స్టెబిలైజేషన్ ఆఫ్ చేసి తీయమంటారు. వణుకును తర్వాత తీసేయొచ్చు.

రోలింగ్ షట్టర్ ఇంకొకటి. ఫోన్ సెన్సర్ బొమ్మను ఒక్కసారిగా చదవదు, పై వరుస నుంచి కింది వరుస దాకా ఒక్కోటీ చదువుకుంటూ వస్తుంది. పరేడ్ గ్రౌండ్ స్టేషన్‌లో మెట్రో ఎక్కి, ప్యారడైజ్ వైపు వెళ్తున్నప్పుడు కిటికీలోంచి వీడియో తీయండి. పక్కనున్న స్తంభాలు, బిల్డింగులు ఏటవాలుగా వంగి కనిపిస్తాయి. సెన్సర్ కింది వరుస చదివేసరికి రైలు ముందుకెళ్లిపోయింది మరి. ఎక్స్‌పోర్ట్ స్పీడ్, జూమ్ రేంజ్ అన్నీ చెప్పే స్పెక్ షీట్‌లో సెన్సర్ రీడౌట్ టైమ్ మాత్రం ఏ కంపెనీ వేయదు.

మాకిచ్చిన హోంవర్క్‌లలో నాకు బాగా నచ్చింది సికింద్రాబాద్ క్లాక్ టవర్‌ది. ఫోన్‌తో టవర్ షాట్ తీసుకొచ్చి, గడియారం ముఖాన్ని తీసేసి, ముల్లులు గిర్రున వెనక్కి తిరిగే కొత్త ముఖం పెట్టాలి. గడియారం చదునుగా ఉంటుంది కాబట్టి ట్రాకింగ్ సులువే. పని అంతా వేరేచోట పడింది. ఎండలో తెలుపు ఎంత తెలుపు, నీడ ఎంత నీలం, ఫోన్ ఫోకస్ ఎంత మెత్తగా ఉంది, నాయిస్ ఎంత ఉంది అన్నవి కొలిచి కొత్త ముఖానికి పట్టించాలి. మధ్యలో ఒక పావురం గడియారం ముందు నుంచి ఎగిరిపోయింది. 11 ఫ్రేములు. ఆ పావురం రెక్కలను ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ చేత్తో గీసి కొత్త గడియారం ముందుకు తేవడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం పట్టింది. షాట్ అంతా చూసినవాళ్లు గడియారం నిజమేనని నమ్మింది మాత్రం ఆ పావురం వల్లే.

ఇదే హోంవర్క్‌లో ఫోన్ ఆటో హెచ్‌డీఆర్ ఇంకో చిక్కు తెస్తుంది. కెమెరా ఆకాశం వైపు తిరిగితే ఎక్స్‌పోజర్ తగ్గుతుంది, కిందికి దిగితే పెరుగుతుంది, వైట్ బ్యాలెన్స్ కూడా దాంతోపాటే ఊగుతుంది. మీరు పెట్టిన కొత్త వస్తువు కూడా అలాగే ఊగాలి, లేదంటే దొరికిపోతుంది. సొల్యూషన్ సింపుల్, అన్నీ లాక్ చేసే యాప్ వాడటమే. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఫ్రీ, 2023లో ఐఫోన్‌కు, 2024లో కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకు వచ్చింది. రాత్రిపూట ప్యాట్నీ సెంటర్‌లో బోర్డుల లైట్ల కింద తీస్తే షట్టర్‌ను 1/50 దగ్గర పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి 1/60లో పెడితే కొన్ని లైట్ల కింద వీడియో మీద పట్టీలు పాకుతుంటాయి.

ల్యాప్‌టాప్: గ్రాఫిక్స్ కార్డు కన్నా ముందు ర్యామ్

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. మా బ్యాచ్‌లో ఉద్యోగం చేసుకుంటూ వచ్చేది నేనొక్కడినే. మిగతావాళ్లంతా డిగ్రీ అయ్యాకో, మధ్యలోనో వచ్చినవాళ్లు. ఒక తమ్ముడు రోజూ జనగామ నుంచి ట్రైన్‌లో వస్తాడు. చేరిన కొత్తలో వాడు అడిగిన మొదటి ప్రశ్న, “అన్నా, ఆర్‌టీఎక్స్ లేకుంటే పని కాదా?” అని. ఇద్దరం ఒక శనివారం క్లాసయ్యాక పార్క్‌లేన్‌లోని సీటీసీకి వెళ్లాం. చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంటే మన జంట నగరాల్లో కంప్యూటర్ పార్టులకు పుట్టినిల్లు లాంటిది, చెప్పక్కర్లేదు. షాపువాళ్లంతా గేమింగ్ ల్యాప్‌టాపులే చూపించారు, ఫ్రేమ్ రేట్ల గురించే మాట్లాడారు.

కంపోజిటింగ్ లెక్క వేరు. స్టూడియోల్లో వాడే ఫార్మాట్ ఓపెన్ ఈఎక్స్ఆర్, స్టార్ వార్స్ ఎఫెక్ట్స్ చేసిన ఐఎల్‌ఎం వాళ్లు తయారుచేసి 2003లో అందరికీ ఫ్రీగా ఇచ్చేశారు. వీడియో ఫైల్‌లా ఉండదు, ప్రతి ఫ్రేమ్ ఒక విడి ఫైలు. ఒక్కో నంబరుకు 16 బిట్లు. ఫుల్ హెచ్‌డీ ఫ్రేమ్ తీసుకుంటే 20.7 లక్షల పిక్సెళ్లు, నాలుగు ఛానళ్లు, ఒక్కోదానికి 2 బైట్లు, కంప్రెషన్ లేకుండా దాదాపు 16.6 ఎంబీ. సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి దాదాపు 400 ఎంబీ. పది సెకన్ల షాట్ అంటే 4 జీబీ. ఇది ఒక్క లేయర్ మాత్రమే. షాట్‌లో నాలుగైదు లేయర్లుంటే, అవన్నీ ప్లే అవ్వాలంటే ర్యామ్‌లో కూర్చోవాలి. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో విండోస్ కూర్చున్నాక మిగిలేది ఎంత?

అందుకే వరుస ఇలా పెట్టుకోండి. ర్యామ్ 32 జీబీ, లేదా తర్వాత పెంచుకునే స్లాట్ ఉన్నది. ఆ తర్వాత వేగమైన ఎన్‌వీఎమ్‌ఈ ఎస్ఎస్‌డీ. తర్వాత స్క్రీన్, ఎస్ఆర్‌జీబీ పూర్తిగా చూపించేది. చాలా బడ్జెట్ గేమింగ్ ల్యాప్‌టాపులు 144 హెర్ట్‌జ్ ఇచ్చి రంగుల దగ్గర పీనాసితనం చేస్తాయి, ఎరుపు ఇటుక రంగులా కనిపించే స్క్రీన్ మీద స్కిన్ టోన్ మ్యాచ్ చేయడం ఎలా చెప్పండి. గ్రాఫిక్స్ కార్డు వీటి తర్వాతే. త్రీడీ రెండరింగ్ చేసేవాళ్లకు ఈ వరుస మారుతుంది, ఒప్పుకుంటాను. చివరికి ఆ తమ్ముడు కొన్నది సెకండ్ హ్యాండ్ ఆఫీస్ ల్యాప్‌టాప్, దాంట్లో ర్యామ్ మాత్రం నింపించాడు. పెద్ద ఫుటేజ్‌ను సగం సైజులో ప్రాక్సీగా చేసుకుని పనిచేస్తాడు. క్లాసులో వాడి రోటో చూసి నేర్చుకునేవాళ్లలో నేనూ ఒకడిని.

సాఫ్ట్‌వేర్ ఖర్చు గురించి భయపడక్కర్లేదు. స్టూడియోల్లో స్టాండర్డ్ న్యూక్. 1990ల్లో డిజిటల్ డొమైన్ అనే స్టూడియో సొంత వాడకానికి చేసుకున్నది. దాని నాన్ కమర్షియల్ వెర్షన్ ఫ్రీ, అవుట్‌పుట్ ఫుల్ హెచ్‌డీకి పరిమితం, నేర్చుకోవడానికి అది చాలు. డావిన్చీ రిజాల్వ్ ఫ్రీ వెర్షన్‌లో ఫ్యూజన్ ఉంటుంది. బ్లెండర్‌లో కంపోజిటర్ ఉంది. వీటిల్లో పని లేయర్లుగా కాకుండా నోడ్లుగా సాగుతుంది, ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకు తీగలు లాగుతాం. కోడింగ్ తెలిసినవాళ్లకు ఇది చూడగానే అర్థమవుతుంది, ఫంక్షన్ అవుట్‌పుట్ ఇంకో ఫంక్షన్‌కు ఇన్‌పుట్, అంతే. న్యూక్‌లో పైథాన్ కూడా నడుస్తుంది. మా క్లాసులో నాకు మర్యాద దొరికే ఏకైక సందర్భం అదే.

ఒక సెట్టింగ్ మాత్రం ఎక్కడ చేసినా చూసుకోవాలి, లీనియర్. తెలుపు పిక్సెల్‌ను, నలుపు పిక్సెల్‌ను సగం సగం కలిపితే ఎంత వస్తుంది? ఫైల్‌లోని నంబర్లతో కలిపితే 255లో సగం, 128. కానీ నిజంగా రెండు వెలుతురులు సగం సగం కలిస్తే స్క్రీన్ మీద రావాల్సిన నంబరు 188. ఎందుకంటే ఫైల్‌లోని నంబర్లు కంటికి అనుగుణంగా వంచినవి, వెలుతురు కొలతలు కావు. బ్లర్ వేసినా, దీపం చుట్టూ గ్లో వేసినా ముందు ఆ వంపు తీసేయాలి. ఫోన్ యాప్‌లలో వేసే బ్యాక్‌గ్రౌండ్ బ్లర్‌లో లైట్లు నిజమైన బొకేలా మెరవకుండా మురికిగా కనిపించడానికి చాలాసార్లు కారణం ఇదే.

ఫీజు కట్టే ముందు

ఇది రాయాలనుకున్న అసలు కారణం ఈ భాగమే. మా బ్యాచ్‌లో చాలామంది కట్టిన ఫీజు లక్ష దాటింది. ఇంట్లోవాళ్లు అప్పు చేసి కట్టినవాళ్లూ ఉన్నారు. మన దగ్గర కొత్తగా చేరేవాళ్లకు ఇచ్చే మొదటి పని ఎక్కువగా రోటో, అంటే మనిషిని ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ గీతలతో కత్తిరించడం. ఆ జనగామ తమ్ముడు టార్గెట్ పెట్టుకున్నదీ అదే ఉద్యోగం. వందేళ్ల కిందట, 1917లో మాక్స్ ఫ్లీషర్ పేటెంట్ పొందిన పద్ధతికి వారసత్వం ఇది. ఇప్పుడు సరిగ్గా ఆ పని మీదికే ఏఐ వచ్చి కూర్చుంది.

వచ్చింది ఎంతవరకో చూద్దాం. మెటా 2024లో విడుదల చేసిన సామ్ 2 మోడల్‌కు వీడియోలో ఒక మనిషి మీద క్లిక్ చేస్తే చాలు, తర్వాత ఫ్రేముల్లో తనే వెతుక్కుంటూ వెళ్తుంది. నేను నా మెషీన్‌లో క్లాక్ టవర్ పావురం మీద నడిపి చూశాను. పావురాన్ని పట్టుకుంది, నాకు మధ్యాహ్నం పట్టిన పని నిమిషాల్లో అయింది. కానీ అది ఇచ్చేది ఉంది లేదా లేదు అనే రెండే జవాబులు. రెక్క వేగంగా కదిలినప్పుడు వచ్చే మసకలో ఆల్ఫా 0.4, 0.2 ఉండాల్సిన చోట కత్తిరించిన అట్టముక్క వచ్చింది. అంచులకు మళ్లీ చేతి పని తప్పలేదు. న్యూక్‌లో 2021లో వచ్చిన కాపీక్యాట్ అనే టూల్ దారి ఇంకోటి. మీరు కొన్ని ఫ్రేములు చేత్తో గీసి ఇస్తే, వాటిని చూసి నేర్చుకుని మిగతావి అదే గీస్తుంది. అక్కడా ఆ కొన్ని ఫ్రేములు బాగా గీసేవాడు కావాలి.

నా అంచనా, ఇది అంచనా మాత్రమే, గీతలు గీయడం ఒక్కటే నేర్చుకున్నవాళ్ల పరిస్థితి కష్టమే. అంచు ఎందుకు పాడైందో చెప్పగలిగినవాడికి పని ఉంటుంది. కాబట్టి డెమో క్లాసుకు వెళ్లినప్పుడు సాఫ్ట్‌వేర్ల లిస్టు అడగకండి, బ్రోషర్‌లో అది ఎలాగూ ఉంటుంది. స్టూడెంట్లకు ప్రాక్టీస్‌కు ఏ ఫుటేజ్ ఇస్తారో అడగండి. ఈఎక్స్ఆర్ ప్లేట్లు ఇస్తున్నారా, ఇంటర్నెట్‌లో దొరికే కంప్రెస్ అయిన వీడియోలు ఇస్తున్నారా? రివ్యూలో ఫ్రేమ్ ఫ్రేమ్ ఆపి చూసేవాళ్లు ఉన్నారా? పాత స్టూడెంట్ల రీల్స్ చూపించమని, అందులో ఒక షాట్‌ను ముక్కలుగా విప్పి చూపించమని అడగండి. నేను చేరకముందు చూసిన ఒక సెంటర్‌లో వాల్ నిండా హాలీవుడ్ పోస్టర్లు ఉన్నాయి, వాటిలో ఒక్క షాట్ కూడా వాళ్ల స్టూడెంట్ చేసింది కాదు. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అన్నవాళ్లను ఆ మాట కాగితం మీద రాసివ్వమంటే టాపిక్ మార్చేశారు.

ఈ రంగంలో గ్యారంటీల మాట నమ్మకపోవడానికి పెద్ద ఉదాహరణే ఉంది. ‘లైఫ్ ఆఫ్ పై’ పులిని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ కంపెనీకి హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. 2013 ఫిబ్రవరిలో ఆ సినిమాకు విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. దానికి రెండు వారాల ముందే కంపెనీ అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. పని బాగా చేయడం ఒకటి, ఆ పనికి డబ్బులు సరిగ్గా రావడం ఇంకొకటి. మా అన్న ఈ కథ ప్రతి కొత్త బ్యాచ్‌కూ మొదటి రోజే చెబుతారట.

ఫీజు కట్టకముందే ఇష్టం ఉందో లేదో తేల్చుకోవాలంటే మీ దగ్గరున్న ఫోన్ చాలు. 4కే, 24 ఫ్రేములు, షట్టర్ 1/50, ఐఎస్ఓ, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ లాక్, స్టెబిలైజేషన్ ఆఫ్, హెచ్‌డీఆర్ ఆఫ్. ఎండలో 1/50 పెడితే బొమ్మ తెల్లగా మాడిపోతుంది, చాలా ఫోన్ల లెన్స్‌కు అపర్చర్ తగ్గించే వీలుండదు కాబట్టి క్లిప్‌లా తగిలించే ఎన్‌డీ ఫిల్టర్ కావాలి, లేదా తెల్లారుజామున తీయాలి. ఒక చదునైన బోర్డు, పది సెకన్లు, మెల్లగా నడుస్తూ. దాన్ని ఇమేజ్ సీక్వెన్స్‌గా మార్చి, ఆ బోర్డు మీద మీ పేరు అతికించండి. మూడు వారాంతాలు దాంతో కూర్చోగలిగితే డెమో క్లాసుకు వెళ్లండి. లొకేషన్ కావాలంటే క్లాక్ టవర్ ఉంది, ఆదివారం పొద్దున్నే ఏడులోపు వెళ్తే ముందు బస్సులు తక్కువగా అడ్డొస్తాయి, పావురాలకు మాత్రం నేను హామీ ఇవ్వలేను.